మూడూ ఒకటే

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవైకి ఒక ఏడు తక్కువుండగా అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియనప్పుడు కలం ఎత్తి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను. అందుకే పోయిన వారం భాగం ఒక రోజు ఆలస్యమైంది. నా చెయ్యి ఎంత నడిస్తే కథ అంతే నడుస్తుంది.

పాలు మాడిన దగ్గర ఆపాను కదా.

పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని మా మరిది పేపరు చదువుతున్నాడు. పెరట్లో బట్టలు ఆరేస్తున్న తోడికోడలికి అక్కడికే మాడు వాసన కొట్టింది. చేతిలో తడి దుప్పటితోనే లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ! పాలు!"

"ఏ పాలు?"

"మీ పక్కన తగలబడుతున్న పాలు!"

ఆయన పేపరు దించాడు. గిన్నె వైపు చూశాడు. చూశాకే చెయ్యెత్తి ముక్కు మూసుకున్నాడు.

ముందు చూపు, తర్వాత ముక్కు. ఆ తేడాను తోడికోడలు పట్టించుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ మా అమ్మాయి మాత్రం పట్టేసింది.

ఊళ్లో మా మరిదిని ముక్కు అంటారు. ఎదురుపడితే ముక్కుగారూ అంటారు. తొట్టి మూత ఎత్తగానే బార్లీ ఎన్ని నిమిషాలు ఎక్కువ వేగిందో చెప్పేవాడు. మా బ్రూవరీలో తొట్లు కట్టించింది మా ఆయన, వాటిలో పులిసేది ఎలా ఉండాలో తేల్చింది ఈయన. మా ఆయన పోయి పదకొండేళ్లయింది. ఇప్పటికీ ఏ తొట్టి బీరు గేటు దాటాలన్నా మరిది వాసన చూసి, ఒక గుక్క మింగి, పలక మీద సుద్దతో "పంపవచ్చు" అని రాయాలి. ఆ ఒక్క మాట రాసే హక్కు ఇంట్లో ఇంకెవరికీ లేదు.

మూడు వారాల కిందట ఆయనకు జలుబు చేసింది. జలుబు పోయింది. పోతూ పోతూ తనతో ఏం పట్టుకుపోయిందో ఆయన ఎవరికీ చెప్పలేదు.

"బాబాయ్," అంది మా అమ్మాయి, "పాలు మాడటం మీకు తెలియలేదు కదూ?"

"తెలిసింది. పేపర్లో ముఖ్యమైన వార్త ఉంది."

"ఏం వార్త?"

ఆయన పేపరు తిప్పి చూసుకున్నాడు. అది పెళ్లి సంబంధాల పేజీ.

"ముఖ్యం కాదా ఏంటి, నీకు కూడా చూడాలిగా!" అంది తోడికోడలు, భర్తకు అడ్డుపడుతూ.

"నా సంబంధం తర్వాత చూద్దురుగాని పిన్నీ. ముందు నాలుగో తొట్టి సంగతి చూడండి. అందులో వెన్న వాసన ఉంది. నిన్న పరీక్ష చేశాను, అంకె ఎక్కువొచ్చింది. ఇంకో రెండు రోజులు వెచ్చగా వదిలేస్తే ఈస్టే ఆ వాసనను తినేస్తుంది. ఇవాళ లారీ ఎక్కిస్తే మాత్రం కొంప మునుగుతుంది."

"అంకెల్ని ఎవరూ తాగరమ్మా," అన్నాడు మరిది. "నేను పొద్దున్నే చూశాను. బాగుంది."

అక్కడ ఆయన పరువొక్కటే కాదు ఉన్నది. మా ప్రాంతంలో చిన్న బ్రూవరీలు నాలుగు. ఏ ఒక్కదానికీ పెద్ద కంపెనీని ఎదుర్కునే సత్తా లేదు. నాలుగు చీమలు కలిసి బెల్లంగడ్డను లాక్కొచ్చినట్టు, నలుగురూ కలిసి రైల్వే భోజనశాలలకు బీరు పోసే ఒప్పందం తెచ్చుకున్నారు. మొదటి లోడు మాది. అది ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి లారీ ఎక్కాలి. మొదటి లోడు అక్కడివాళ్లు రుచి చూసి మొహం చిట్లించారంటే ఒప్పందం నలుగురికీ పోయినట్టే.

"మూడు గ్లాసులు పెడదాం," అంది మా అమ్మాయి.

పొయ్యి మీద గిన్నె ఒక్కటే చిటపటమంటోంది.

మూడు గ్లాసుల పరీక్ష మరిది పెట్టిందే. రెండు గ్లాసుల్లో ఒకే బీరు, మూడో దానిలో వేరేది. ఏది వేరో చెప్పాలి. చెప్పలేని వాళ్లు పలక దగ్గరికి రాకూడదు. మా అమ్మాయి దూరం వెళ్లి ఈ పనే చదువుకుని వస్తే, వచ్చిన రోజునే దానికి మూడు గ్లాసులు పెట్టాడు. తప్పింది. మరుసటి ఏడాది మళ్లీ పెట్టాడు. మళ్లీ తప్పింది. "చదువుంది, ముక్కు లేదు," అని పనివాళ్ల ముందే తేల్చేశాడు.

"నాకా? మూడు గ్లాసులా?"

"ఎంతటివాడికైనా మినహాయింపు లేదని మీరే అన్నారు బాబాయ్."

"అవునే, ఎత్తుకుని పెంచిన బాబాయినే పరీక్షలో కూర్చోబెడతావా?" తోడికోడలు తడి దుప్పటిని టేబుల్ మీద కుక్కింది. "వేలెడంత ఉన్నప్పుడు నీ జలుబు ముక్కు తుడిచింది ఆయనే!"

"అప్పుడు ఆయనకు ముక్కుంది పిన్నీ, అందుకే తుడిచారు."

"అక్కా, విన్నావా దీని మాటలు?"

విన్నాను. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఆ పూట ఇంట్లో అన్నం పుట్టదని పళ్ల బిగువున ఆపుకున్నాను.

మరిది పేపరు మడిచాడు. దాన్ని మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు.

"సరే, పెట్టు. తప్పితే తొట్టి ఆపెయ్. నెగ్గితే మాత్రం లారీ ఎక్కుతుంది. ఆ తర్వాత ఈ జన్మలో నా ముందు అంకెల ఊసు ఎత్తకూడదు."

"ఒప్పుకున్నాను."

"పోసేది వదిన."

గ్లాసులు నింపేది ఎప్పుడూ నేనే. నేను బీరు చుక్క ముట్టను, ఎవరి పక్షమూ పట్టను. బ్రూవరీలో నాకున్న పనీ, మర్యాదా ఆ రెండిటి వల్లే.

*

రుచి చూసే గది చిన్నది. తెల్ల సున్నం గోడలు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు. సబ్బు, సెంటు, పూలు లోపలికి రాకూడదు. నేను రెండో తొట్టి నుంచి ఒక కూజా, నాలుగో తొట్టి నుంచి ఒక కూజా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాను. నాలుగో తొట్టి కూజా మూత తీశానో లేదో, వెన్న కాచే మూకుడు మీద వంగినట్టు గుప్పుమంది.

మొదట వచ్చింది తోడికోడలు. తలుపు చాటు నుంచి తల ఒక్కటే లోపలికి పెట్టింది.

"అక్కా, ఏ గ్లాసు వేరేదో చెప్పు."

"చెప్పకూడదు."

"నాకు చెప్పొద్దులే, వేళ్లతో చూపించు. ఒకటో గ్లాసైతే ఒకసారి దగ్గుతాను, రెండోదైతే రెండుసార్లు."

"మూడోదైతే?"

"మూడుసార్లు దగ్గలేనా? ఇరవై ఆరేళ్లు కాపురం చేశాను ఆయనతో!"

ఆమెను బయటికి నెట్టి తలుపు వేశాను. నిమిషం కాకముందే తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి మరిది.

లోపలికి రాలేదు. పరీక్షకు ముందు లోపలికి రాకూడదన్న నియమం ఆయనదే. గుమ్మం చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా."

"ఏం నాయనా?"

"ఏం లేదు. ఎండ బాగా కాస్తోంది."

"కాస్తోంది."

"అన్నయ్య ఉంటే ఈ పాటికి అరిచేవాడు, ఏంటీ గోల అని."

"అరిచేవారు. అరిచి, తనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చునేవారు."

నవ్వాడు. ఆయన కాలి పక్కనే తొట్లు కడిగే మందు డబ్బా మూత లేకుండా ఉంది. ఎవరో మరిచిపోయారు. ఆ ఘాటుకు నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మామూలు రోజైతే అది పెట్టినవాడి తాతముత్తాతలు కూడా తిట్లు తినేవాళ్లు.

"గది శుభ్రంగా ఉంచారు వదినా," అన్నాడు. "ఏ వాసనా లేదు."

అని వెళ్లిపోయాడు.

ఆ ముక్కు లేకపోతే ఆయన ఈ ఇంట్లో ఎవరు? ఊళ్లో ఆయన్ని ఏమని పిలుస్తారు? ముందూ వెనకా చూడకుండా నాలుగో తొట్టి కూజా ఎత్తి మోరీలో వంపేశాను. మూడు గ్లాసులూ రెండో తొట్టి బీరుతోనే నింపాను. ఆయన ఏ గ్లాసు చూపిస్తే అదే వేరేదని చెప్పేద్దామని నా తెలివి. జవాబు నా ఒక్కదానికే తెలుసు కదా.

మా అమ్మాయి వచ్చింది. చేతిలో కాగితం, కలం.

"అమ్మా, జవాబు ముందే ఇందులో రాసి మడిచి పెట్టు."

"ఎప్పుడూ లేనిది కాగితం దేనికే?"

"నీ సంగతి నాకు తెలుసు కాబట్టి."

అది బయట నిలబడింది. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. ఒకటి అని రాయనా, రెండు అని రాయనా? ఏది రాసినా ఆయన ఇంకోటి చూపిస్తే? నోటితో అబద్ధం చిన్నప్పటి నుంచి అలవాటే. కాగితం మీద అబద్ధం ఆడేంత చదువు నాకింకా రాలేదు. చెయ్యి దానంతటదే ఉన్నది ఉన్నట్టు రాసేసింది.

కాగితం మడిచి సాసరు కింద పెట్టాక తెలిసింది నేను చేసిన నిర్వాకం. ఇప్పుడు ఆయన ఏ గ్లాసు చూపించినా తప్పే. కాపాడబోయి నేనే ఆయన్ని గోతిలోకి తోశాను.

*

నాలుగు కుర్చీల్లో మేం నలుగురం. పీపాల మేస్త్రి సాక్షిగా గుమ్మంలో నిలబడ్డాడు. అతని భుజాల వెనక ఆరేడు తలలు.

మరిది మొదటి గ్లాసు ఎత్తాడు. కళ్లు మూసుకున్నాడు. వాసన చూశాడు. ఒక గుక్క మింగాడు.

తోడికోడలు దగ్గింది.

రెండో గ్లాసు ఎత్తాడు. తోడికోడలు రెండుసార్లు దగ్గింది. ఆమెకు జవాబు తెలియదు కాబట్టి, ఏదో ఒకటి తగలకపోతుందా అని అన్నిటికీ దగ్గుతోంది. మూడో గ్లాసు దగ్గర దగ్గు నిజంగానే పట్టుకుంది. నాలుగు, అయిదు, ఆరు.

"కాస్త ఆగవే," అన్నాడు మరిది. "ఉన్నవి మూడే గ్లాసులు."

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి వెనక్కి తిరిగి కళ్లెర్రజేశాడు.

మరిది మళ్లీ మొదటి గ్లాసు తీసుకున్నాడు. మళ్లీ రెండోది. మళ్లీ మూడోది. నుదుటి మీద చెమట పట్టింది. మూడు గ్లాసులనూ వరసగా పెట్టి, వాటి వైపు కాకుండా నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"నాకు," అన్నాడు మెల్లిగా, "మూడూ ఒకటే."

మా అమ్మాయి ఊపిరి వదిలింది. గెలిచినదాని మొహంలా లేదు. బాబాయి చెయ్యి పట్టుకోబోయి ఆగింది. మరో చేత్తో సాసరు ఎత్తి, కాగితం విప్పింది.

విప్పి చూస్తూనే ఉండిపోయింది.

"ఏముందమ్మా?" అన్నాడు మేస్త్రి.

మేస్త్రే వచ్చి వంగి, పైకి చదివాడు.

"మూడూ ఒకటే."

గది కప్పు ఎగిరిపోయేంత అరుపు అరిచారు గుమ్మంలోవాళ్లు. తోడికోడలు కుర్చీ వెనక్కి పడింది.

"చూశావా! తల్లీకూతుళ్లు కలిసి మాయ గ్లాసులు పెట్టినా పట్టేశారు! ఇంకెవరైనా అయితే ఏదో ఒకటి చూపించి పరువు పోగొట్టుకునేవాళ్లు! అది ముక్కంటే!"

"నలభై ఏళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదు సార్," అన్నాడు మేస్త్రి. అతను చేరి పంతొమ్మిదేళ్లే అయింది. ఆ సంతోషంలో ఎవరూ లెక్క పట్టించుకోలేదు.

మా అమ్మాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. నన్ను ఉరిమి చూసి బయటికి నడిచింది.

*

మూడింటికి ముందే లారీ వచ్చింది. పీపాలు వరసగా నిలబెట్టారు. నాలుగో తొట్టికి గొట్టం తగిలించి మేస్త్రి ఎదురుచూస్తున్నాడు.

మరిది పలక ముందు నిలబడ్డాడు, చేతిలో సుద్ద. నేను దగ్గరికి వెళ్లాను.

"వదినా, ఎందుకిలా చేశారు?" గొంతు తగ్గించి అడిగాడు. "నేను ఒప్పుకున్నాను. నాకు తేడా తెలియడం లేదని అందరి ముందూ నా నోటితో చెప్పాను. మూడు వారాలుగా కూడదీసుకున్న ధైర్యం అది. మీరు నన్ను ఒప్పుకోనివ్వలేదు."

నేను పలక మీద పాత సుద్దను కొంగుతో తుడిచాను.

"పోనీ, మళ్లీ చెబుతాను." మేస్త్రి వైపు తిరిగాడు. "ఏమయ్యా, నాకు మూడు వారాలుగా వాసన తెలియడం లేదు."

మేస్త్రి పగలబడి నవ్వాడు. "విన్నార్రా సార్ మాట! అంత పెద్ద పరీక్ష నెగ్గి కూడా ఎంత అణకువో!"

"అణకువ కాదయ్యా, నిజంగానే."

"మాకు తెలీదా సార్! మీరు రాయక్కర్లేదు కూడా, మీ నోటి మాట చాలు. విప్పమంటారా?"

పనివాళ్లంతా నవ్వుతున్నారు. మరిది కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు. మేస్త్రి చెయ్యి తొట్టి కుళాయి మీద పడింది.

"ఆగవయ్యా!" అన్నాను.

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. లారీ డ్రైవరు కూడా ఇంజను ఆపేశాడు.

"ఆయన ఏమీ పట్టలేదు. నాలుగో తొట్టిది నేను మోరీలో పారబోసి, మూడు గ్లాసుల్లోనూ ఒకటే పోశాను. ఆయన పరువు కాపాడదామని. మా అమ్మాయికి తెలియదు. తప్పు నాది."

తోడికోడలు చప్పట్లు చరిచింది.

"భలే అక్కా, భలే! కూతురు ఓడిపోయిందని ఎంత కథ అల్లావు! నీకు రాయడం నేర్పిందే పొరపాటు!"

మేస్త్రి కూడా ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "అమ్మగారూ, కన్న పేగు కదా, మేం అర్థం చేసుకోగలం."

పదకొండేళ్లుగా నా మాటంటే నమ్మకం. నిజం చెప్పిన రోజే అది పోయింది.

"అయితే నాకూ పెట్టు మూడు గ్లాసులు," అన్నాను. "నువ్వే పొయ్యి మేస్త్రీ. నేను అటు తిరుగుతాను."

"మీరు తాగరు కదమ్మా!"

"ముక్కు తాగదు కదా, పొయ్యి."

ఒక పీపా మీద మూడు గ్లాసులు పెట్టాడు. నేను ఇటు తిరిగి వంగాను. చేత్తో పట్టుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

"మధ్యది నాలుగో తొట్టిది. వెన్న."

మేస్త్రి నవ్వు సగంలో ఆగింది. మళ్లీ అటు తిరగమన్నాడు. ఈసారి ఎడమ చివరది. మూడోసారి పోసినప్పుడు నేను తిరిగి వాసన చూసి, "ఈసారి మూడూ నాలుగో తొట్టివే పోశావు, నన్నేం చేద్దామనయ్యా!" అన్నాను.

మేస్త్రి వెళ్లి గొట్టం ఊడదీశాడు. ఒక గ్లాసు తను వాసన చూశాడు. పెళ్లాం తిట్టినప్పటిలా మొహం పెట్టాడు. "ఉందండీ," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

తోడికోడలు మెట్ల మీద కూలబడింది. కొంగుతో మొహం కప్పుకుంది. మరిది వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

"మరి నాతో అయినా చెప్పలేదేం?" అంది కొంగులోంచి.

"చెబితే నా కూర బాగుందంటారుగా రోజూ, అదీ అబద్ధమేనా అని అడుగుతావని."

"అదీ అబద్ధమేనా?"

ఆయన లేచి ఆఫీసు గదిలోకి వెళ్లాడు. నాలుగు బ్రూవరీల సంఘం కార్యదర్శికి ఫోను చేశాడు. కిటికీ తెరిచే ఉంది, అందరం విన్నాం.

"నేను ముక్కును మాట్లాడుతున్నాను. లోడు రెండు రోజులు ఆలస్యం. అవును, నాలుగో తొట్టి. కారణమా? నాకు వాసన తెలియడం లేదు. తమాషా కాదయ్యా. నవ్వకు. నవ్వకయ్యా!"

చాలాసేపు అవతలివాళ్లు మాట్లాడారు. ఈయన ఊఁ కొట్టాడు. ఒకసారి నా వైపు చూశాడు. ఫోను పెట్టేసి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"రైల్వే వాళ్లను రెండు రోజులు ఆపి చూస్తారట. కానీ మన బీరుకు ఇప్పుడు పూచీ ఎవరని అడుగుతున్నారు. మిగతా మూడు బ్రూవరీల యజమానులూ రేపు పది గంటలకు వస్తున్నారు, కొత్త ముక్కును చూడటానికి. వాళ్లకు నచ్చితేనే మొదటి లోడు మనది. లేకపోతే మనల్ని పక్కన పెట్టి ముగ్గురే పోస్తారట."

"కొత్త ముక్కు ఎవరు?" అన్నాను.

మేస్త్రి తన బూట్ల వైపు చూసుకున్నాడు. తోడికోడలు కొంగు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

మా అమ్మాయి వచ్చి నా ఎదురుగా నిలబడింది. రెండో తొట్టి నుంచి అప్పుడే పట్టిన గ్లాసు దాని చేతిలో నురగలు కక్కుతోంది. నా మీద కోపం ఇంకా తగ్గలేదు, గొంతులోనే తెలుస్తోంది.

"అమ్మా, రేపు వాళ్ల ముందు వాసన చూస్తే సరిపోదు. నోట్లో పోసుకుని మింగి చెప్పాలి. అది కూడా బాబాయి పెట్టిన నియమమే."

గ్లాసు నా చేతికిచ్చింది. చల్లగా ఉంది. పెరడు పెరడంతా నా నోటి వైపే చూస్తోంది.

— బ్రూవరీ పెద్దమ్మ అంటే అందరికీ తెలుస్తుంది. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉండేది తొట్ల గది పైనున్న మేడ గదిలో.